అప్‌డేట్: రాత్రి ఆయాసం, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ భయం

రోజుకు 3, 4 సార్లు సాల్బుటమాల్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ మందు) పీల్చినా రాత్రుళ్లు దగ్గుతో మెలకువ వస్తోందని, డాక్టర్ రాసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలుపెట్టాలంటే భయంగా ఉందని 2 నెలల క్రితం అడిగాను కదా. చాలామంది సమాధానమిచ్చారు, థాంక్స్.

మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. మందు మార్చే ముందు "ఒకసారి నా ముందు పీల్చండి" అన్నారు. నొక్కగానే పెదాల సందులోంచి తెల్లగా పొగలా బయటికి వచ్చేసింది. ఇన్నేళ్లూ సగం మందు గాలికే పోయిందన్నమాట! నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరట్లేదని స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంలాంటి డబ్బా, మందు అందులో కాసేపు నిలుస్తుంది) ఇచ్చారు. ఇప్పుడు ఒక పఫ్ నొక్కి, నెమ్మదిగా లోపలికి లాగి, 10 సెకన్లు ఊపిరి బిగబడుతున్నాను.

స్టెరాయిడ్ సంగతి. సాల్బుటమాల్ బిగుసుకున్న గాలి గొట్టాలను కాసేపు వదులు చేస్తుందే తప్ప లోపలి వాపును తగ్గించదట. ఆ వాపు తగ్గించేది బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్. ఇన్‌హేలర్‌లో అది మైక్రోగ్రాముల్లో, నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తుంది. స్టెరాయిడ్ మాత్రల్లో అయితే మిల్లీగ్రాములు. ఈ లెక్క విన్నాకే నా టెన్షన్ తగ్గింది. నాకు రాసింది బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ (గొట్టాలను ఎక్కువసేపు వదులుగా ఉంచే మందు) కలిసినది, పొద్దున, రాత్రి.

మొదటి వారం పెద్దగా తేడా లేదు, మానేద్దామనుకున్నాను కూడా. మూడో వారం నుంచి రాత్రి నిద్ర పడుతోంది. మధ్యలో, పీల్చాక నోట్లో మిగిలిన మందు పోయేలా నోరు పుక్కిలించడం మర్చిపోయి నాలుక మీద తెల్లటి పూత వచ్చింది, అది పూర్తిగా నా తప్పే. ఇప్పుడు పళ్లు తోముకునే ముందే పీల్చేస్తున్నాను.

బాగుంది కదా అని నాకు నేనుగా ఆపొద్దన్నారు. వచ్చే నెల చెకప్‌లో డోసు తగ్గించేదీ లేనిదీ చెప్తారట.