బొమ్మల హోమ్‌వర్క్‌కి మార్కులు పిల్లలే వేసుకోవచ్చా?

డ్రాయింగ్ టీచర్: ఏడో తరగతికి డ్రాయింగ్ చెప్తాను. ఈ ఏడాది మా స్కూల్లో కొత్త పద్ధతి పెట్టారు. ఇంట్లో వేసుకొచ్చిన బొమ్మకి పిల్లలు పదికి తమ మార్కు తామే వేసుకోవాలి, పక్కవాళ్లు ఇంకో పదికి వేయాలి. రెండూ టర్మ్ మార్కుల్లో కలుస్తాయి. మూడు నెలలు చూశాను, నాకు నచ్చలేదు. స్నేహితులు పదికి పది ఇచ్చుకుంటున్నారు. చక్కగా వేసే ఒకమ్మాయి మాత్రం ప్రతిసారీ తనకి ఐదే వేసుకుంటోంది. అలాగని పుస్తకాల దొంతర ముందేసుకుని 'గుడ్', 'గుడ్' అని రాసిచ్చే పాత పద్ధతికీ వెళ్లాలని లేదు. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల అమ్మ: పూర్తిగా ఎత్తేయమంటాను. మా చిన్నవాడు గుర్రం బొమ్మ వేస్తే, పక్కపిల్లాడు '2/10, ఇది కుక్కా?' అని దాని కిందే రాశాడు. మావాడు ఇంటికొచ్చి ఆ పేజీ చింపేశాడు. అప్పట్నుంచి స్కేలు పెట్టి ఇళ్లు, జెండాలే వేస్తున్నాడు. ఎవరూ వంక పెట్టలేని బొమ్మలన్నమాట. తోటిపిల్లలు టీచర్లు కారండీ.

లెక్కల టీచర్: పేర్లు కనబడకుండా మడిచి ఇస్తే పక్షపాతం పోదా?

డ్రాయింగ్ టీచర్: అదీ చేశాను సార్. ఎవరి గీత ఎవరిదో క్లాసంతా ఇట్టే పట్టేస్తారు.

రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు: అమ్మా, ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. పక్కవాళ్ల బొమ్మ చూసి మాట్లాడటం ఒకటి, దానికి మార్కు వేయడం ఇంకొకటి. మొదటిది ఉంచండి, రెండోది తీసేయండి.

1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు పిల్లల్ని మూడు రకాలుగా విడదీసి చూశారు. కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యే రాసిచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ల పని, ఆసక్తి మెరుగుపడ్డాయి. రెండూ అందుకున్నవాళ్లకి ఆ వ్యాఖ్య వల్ల ఒరిగింది లేదు. అవి డ్రాయింగ్ పనులు కావు, నిజమే. కానీ నా క్లాసులో చూసిందీ అదే. మార్కు కనబడగానే పిల్లలు పుస్తకం మూసేస్తారు.

గ్లాసు బొమ్మనే తీసుకోండి. పై అంచుని కోలగా వేసి, అడుగుని మాత్రం తిన్నటి గీతతో ముగించేస్తారు, గ్లాసు బల్ల మీద ఉంటుంది కాబట్టి. నేను పదిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఒకరోజు ఓ పిల్లాడు పక్కమ్మాయి బొమ్మ చూసి, 'నీ గ్లాసుకి పైన గుండ్రం ఉంది, కింద లేదేంటి?' అన్నాడు. ఆ అమ్మాయి గ్లాసులోకి తొంగి చూసింది. పై నుంచి చూస్తే అడుగు వంపు పై అంచు కంటే ఇంకా గుండ్రంగా కనిపిస్తుంది. రబ్బరు తీసుకుని దిద్దేసింది. అడిగిన పిల్లాడు కూడా గుట్టుగా తన పుస్తకం తీసి అదే తప్పు సరిచేసుకున్నాడు. నాకు అసలు లాభం కనిపించింది అక్కడే. పక్కవాళ్ల బొమ్మలో తప్పు పట్టిన కన్ను తన బొమ్మ మీదకీ తిరుగుతుంది.

అమెరికాలో రాన్ బెర్గర్ అనే ఉపాధ్యాయుడు ఒకటో తరగతి పిల్లాడి సీతాకోకచిలుక బొమ్మల్ని చూపిస్తుంటారు. పిల్లాడు ఆరుసార్లు వేశాడు. తోటివాళ్లు ముందు రెక్కల ఆకారం గురించి చెప్పారు, తర్వాత రెక్కల మీది గీతల గురించి. మొదటి బొమ్మనీ ఆరోదాన్నీ పక్కపక్కన పెడితే ఒకే చేతివని నమ్మలేం.

ఇద్దరు పిల్లల అమ్మ: మాస్టారూ, 'కుక్కా?' అన్నవాడి నోరు ఎవరు అదుపు చేస్తారు?

రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు: టీచరే, తల్లీ. ముందు రెండు వారాలు నా బొమ్మ మీదే మాట్లాడనిచ్చేవాణ్ణి, కావాలనే తప్పులు పెట్టి. 'బాగుంది', 'బాలేదు' అనే మాటలు నిషేధం. ఎక్కడ, ఏం కనిపిస్తోందో వేలు పెట్టి చూపించాలి. ఆ కాస్త తర్ఫీదు లేకుండా పిల్లల చేతికి పెన్ను ఇవ్వడం మీవాడికి జరిగిన అన్యాయం. తప్పు ఆ పక్కపిల్లాడిదీ కాదు.

డిజైన్ విద్యార్థిని: ఐదు వేసుకునే ఆ అమ్మాయి లాంటిదాన్నే నేను. ఎక్కువ వేసుకుంటే నవ్వుతారని భయం. ఒక టీచర్ నన్ను మార్కు అడగలేదు. 'ఈ పేజీలో మళ్లీ వేయాలనిపించే చోటు ఏది?' అని అడిగారు. షేడింగ్ అన్నాను. అంతా ఒకే బూడిదరంగులో ఉంది. ఎదురుగా ఉన్న వస్తువుని కళ్లు సగం మూసి చూస్తే ఎక్కడ బాగా నల్లగా ఉందో తెలిసింది. 1989లో రాయిస్ శాడ్లర్ అనే విద్యా పరిశోధకుడు రాసిందీ ఇదే: మంచి పని ఎలా ఉంటుందో విద్యార్థికి తెలియాలి, తన పనిని దానితో పోల్చుకోగలగాలి, తేడా తగ్గించుకునే పని చేయాలి. మార్కు వేసుకుంటే మూడోది జరగదు.

మాస్టారితో ఒక్క పేచీ ఉంది. గ్లాసుకి కొలత ఉంది. కలలో చూసిన ఊరు వేయమంటే? అక్కడ కూడా తప్పులు వెతికితే పిల్లలు ముడుచుకుపోతారు.

రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు: ఒప్పుకుంటాను. అలాంటి బొమ్మకి ముందు వేసినవాళ్లే మాట్లాడాలి, తామేం చూపించాలనుకున్నారో. అది తమకి అందిందో లేదో మిగతావాళ్లు చెప్తే చాలు.

డ్రాయింగ్ టీచర్: పిల్లల మార్కులు టర్మ్‌లో కలపొద్దని హెడ్ మాస్టర్ గారిని అడుగుతాను, మార్కు నేనే వేస్తాను. ఈ వారం హోమ్‌వర్క్ మార్చేశాను. తమ చెప్పు చూసి ఇంట్లో ఒకసారి వేయాలి, క్లాసులో పక్కవాళ్ల మాట విన్నాక పక్క పేజీలో మళ్లీ వేయాలి. మొదటి పేజీని రబ్బరుతో ముట్టుకోకూడదు. రెండు పేజీలూ చూశాక వచ్చి చెప్తాను.