గోవా బంగడా పులుసులో రెండు తెలుగు మాటలు

పణజి మార్కెట్ వెనక సందుల్లో నాలుగైదు బల్లలతో నడిచే ఖాణావళులుంటాయి. మన పాత పూటకూళ్ల ఇళ్ల బాపతు. మధ్యాహ్నం కూర్చోగానే "నుస్తేఁ?" అంటారు, చేపేనా అని. తలూపితే చాలు. అన్నం, కొబ్బరి నూరిన పులుసు (దాన్ని హుమణ్ అంటారు), రవ్వ అద్ది వేయించిన ముక్క, ఎండురొయ్యల కిస్మూర్, సోల్‌కడి అనే గులాబీ రంగు పుల్లటి పానీయం వరసగా వచ్చేస్తాయి. బీచి పక్క హోటళ్లలో ఒక్క వేపుడు ముక్కకయ్యే డబ్బుతో ఇక్కడ కడుపు నిండుతుంది. నన్నడిగితే రుచి కూడా ఇక్కడిదే.

ఇక అసలు సంగతి. బంగడా అనే చేపతో చేసిన పులుసులో నోరు తెరిచిన చిన్న గోధుమరంగు కాయలు తేలుతుంటాయి. కొరికితే నాలుక చిమచిమలాడి తిమ్మిరెక్కుతుంది. కొంకణిలో తెఫళ్, మరాఠీలో తిరఫళ. నిమ్మ కుటుంబపు చెట్టు, మాను నిండా ముళ్లు. చైనావాళ్ల సిచువాన్ మిరియం దీని దాయాదే.

దీని శాస్త్రీయ నామం జాంథాక్సిలమ్ రెట్సా. ఆ "రెట్సా" మన రచ్చే! సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పెంచి, బొమ్మలు గీయించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, తెలుగువాళ్లు దీన్ని రచ్చమాను అంటారని రాసుకున్నాడు. కొండవాళ్లు ఈ చెట్టు నీడన చేరి ఊరుమ్మడి విషయాలు మాట్లాడి తేల్చుకుంటారనీ, అందుకే ఆ పేరనీ వివరించాడు. ఆయన 1815లో పోయాడు, వర్ణన 1820లో అచ్చయింది.

మరి చేప? బంగడా శాస్త్రీయ నామం రాస్ట్రెలిజర్ కనగుర్తా. అదీ మనదే. ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన చేపల బొమ్మల పుస్తకం 1803లో వచ్చింది. అందులోని కనగర్త అనే తెలుగు పేరునే ఫ్రాన్సులో జంతుశాస్త్రవేత్త క్యువియే ఖాయం చేశాడు. (రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈ రస్సెల్‌దే.)

కనగర్త, రచ్చమాను మీ వైపు ఇంకా వినిపిస్తున్నాయా?

జవాబు: మాది భీమిలి దగ్గరండి. కానాగంతలు అంటాం. రేవులో "బంగడా" అంటే ఎవరూ పలకరు. చెట్టు పేరు మాత్రం ఎప్పుడూ వినలేదు.

జవాబు: రాక్స్‌బర్గ్ చెప్పిన కారణం నాకు పూర్తిగా మింగుడు పడదు. రచ్చబండ అంటే రావో వేపో ఉంటుంది గానీ, వీపు ఆనిస్తే ముల్లు దిగే చెట్టు కింద పంచాయితీ ఏమిటండీ?

జవాబు: తీర్పు త్వరగా తేలడానికేమో 😄 సరదాకన్నాను. ఇక్కడ పలుకుబడి చూడండి. ఆయన "చ్చ" రాయకుండా "ట్స" అని రాసుకున్నాడంటే, విన్నది దంత్య చకారం (చెట్టులోని చ కాదు, చాపలోని చ), రౘ్చ అని. మనం ఇప్పటికీ అలాగే పలుకుతాం. ఇక మాట మూలమంటారా, సంస్కృత రథ్య (వీధి) ప్రాకృతంలో రచ్ఛా అయి మనకు రచ్చగా చేరింది. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నచోట నలుగురూ కూడే బయలు అనే అర్థం. నలుగురూ కూడితే గోల తప్పదు కాబట్టి ఇవాళ్టి కుర్రాళ్ల "రచ్చ రచ్చ" కూడా అక్కడి నుంచే వచ్చింది.

మొదట రాసినవారు: ముళ్ల సంగతి నిజమే. కానీ చెట్టు పెద్దది, నీడకు కొదవ లేదు. ఆనుకోకుండా కూర్చుంటే సరి! పేరు సభ వల్ల వచ్చిందని తెలుగువాళ్లే ఆయనకు చెప్పి ఉంటారని నా ఊహ.

జవాబు: అన్నగారూ, మన కానాగంతల పులుసులో మిరియాలు దంచి వేస్తే ఆ రుచి వస్తుందా?

మొదట రాసినవారు: రాదమ్మా. మిరియం కారం వేరు, ఈ తిమ్మిరి వేరు. గోవా వెళ్లేవాళ్లతో ఎండు తెఫళ్ తెప్పించుకోండి. లోపలి నల్లగింజలు ఏరేయాలి, లేకపోతే చేదెక్కుతుంది. తొక్కల్ని కాస్త నలిపి, దించే ముందు వేయాలి. తినేటప్పుడు పళ్ళెం అంచుకు నెట్టేయండి, వాటిని నమలరు.