రెండు దేశాల్లో కారు నడపాలి, ఒక్క ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఐడీపీ) సరిపోతుందా?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్నలతో కలిసి జపాన్, అక్కణ్ణుంచి ఇంకో దేశం వెళ్తున్నాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు, రైళ్లు మారుతూ తిరగలేరు. అందుకే రెండు చోట్లా కారు అద్దెకు తీసుకుని నేనే నడపాలనుకుంటున్నా.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అంటే మన లైసెన్సుకు అనువాదం లాంటిదనీ, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాల్సిందేననీ తెలుసు. నా తికమకంతా ఈ పర్మిట్లకు ఆధారమైన, దేశాల మధ్య కుదిరిన రోడ్డు ట్రాఫిక్ ఒప్పందాల దగ్గరే. 1949 జెనీవా ఒప్పందం పర్మిట్ ఏడాది పనిచేస్తుంది. 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్లు, అదీ మన లైసెన్సు గడువు దాటకుండా. జపాన్‌లో 1949 నాటిదే చెల్లుతుంది. రెండో దేశం 1968 నాటిదే అడిగితే నా పరిస్థితేంటి? ఒకే మనిషి రెండు రకాలూ తీసుకోవచ్చా? ఎవరైనా అలా తీసుకున్నారా?

ఇంకోటి, నా లైసెన్సు ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. ముందు దాన్ని రెన్యువల్ చేయించి తర్వాత పర్మిట్‌కు వెళ్లడమే మంచిదని నాకనిపిస్తోంది. కానీ కొత్త కార్డు ప్రయాణంలోపు చేతికి రాకపోతే మొదటికే మోసం.

అన్నిటికంటే భయం ఇన్సూరెన్స్ గురించి. పర్మిట్ సరైనది కాదని తేలితే, చిన్న ప్రమాదం జరిగినా క్లెయిమ్ ఇవ్వరంటున్నారు. పెద్దవాళ్లు కారులో ఉండగా ఆ రిస్కు తీసుకోలేను.

స్వయంగా ఈ పని చేసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. కారు ఇచ్చేటప్పుడు కౌంటర్లో ఏమేం చూశారు?