పాస్టరు గారికి జీతం ఇస్తే ఆయన నిస్వార్థం పోతుందా? మా సంఘం రెండు ముక్కలయ్యేలా ఉంది

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
అందరికీ వందనాలు. మాది ఏ డయోసిస్‌కీ (బిషప్ కింద ఉండే సంఘాల మండలానికి) చెందని చిన్న సంఘం. 40 కుటుంబాలు, ఎక్కువ మంది మగ్గం పనివాళ్ళు, కూలీలు. మా పాస్టరు గారు వారంలో నాలుగు రోజులు బేల్దారి పనికి పోతారు, మిగతా రోజులు సంఘం పని చూసుకుంటారు. ఇప్పుడు పెద్దల్లో సగం మంది, ఆయన ఇక తాపీ పక్కన పెట్టి పూర్తికాల సేవలోకి రావాలి, నెలకు 15,000 మనమే ఇద్దాం అంటున్నారు. మిగతా సగం ససేమిరా అంటున్నారు. ఇన్నాళ్ళూ మన దగ్గర రూపాయి ఆశించలేదు కాబట్టే ఆయన మాటకు విలువ ఉంది, జీతం మొదలైతే ఆ విలువ పోతుందని వాళ్ళ వాదన.

నాకు ఎటూ తేలడం లేదు. పోయిన ఏడాది మా నాయనకు పక్షవాతం వస్తే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మూడు రాత్రులు పాస్టరు గారు వరండాలో నాతో పాటే పడుకున్నారు. నాయన పక్క తడిపితే నాకంటే ముందు లేచి ఆయనే గుడ్డలు మార్చారు. ఆ మూడు రోజుల కూలి ఆయనకు పోయిందని చాలా రోజుల తర్వాత మేస్త్రీ చెబితే తెలిసింది, ఆయన నోటి వెంట రాలేదు. అలాంటి మనిషికి జీతం ఇవ్వడం గౌరవమా, లేక ఆయన్ని మన కింద పనివాణ్ణి చేసుకోవడమా?

హంద్రీ నీళ్ళు (కోడుమూరు):
ఇవ్వొద్దు బ్రదర్. యోహాను సువార్త 10వ అధ్యాయం తీసి చదవండి, తోడేలు వస్తే జీతగాడు గొర్రెల్ని వదిలి పారిపోతాడని ప్రభువే చెప్పారు. అపొస్తలుడు పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు. ఎఫెసు పెద్దల దగ్గర సెలవు తీసుకునేటప్పుడు, నా అవసరాలకూ నాతో ఉన్నవాళ్ళ అవసరాలకూ ఈ చేతులే కష్టపడ్డాయని చెప్పుకోగలిగాడు. ఈ రోజుల్లో ఆ మాట అనగలిగే పాస్టర్లు ఎంతమంది?

ఊరికే అనడం లేదు, మా ఇంట్లో జరిగింది. మా పిన్ని వితంతువు, ఉపాధి హామీ పనికి పోయి బతుకుతుంది. ఆమె వెళ్ళే సంఘంలో, పేరు వద్దులెండి, దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, ఇచ్చేవాళ్ళకు ఒక పుస్తకం పెట్టారు. ఆరు నెలలు ఆమె ఇవ్వలేకపోయింది. గృహ ప్రార్థనకు రావడం మానేశారు. జ్వరంతో పడుకుంటే పక్కింటి ముస్లిం ఆమె గంజి కాచి ఇచ్చింది గానీ సంఘం నుంచి ఒక్కరూ గడప తొక్కలేదు. డబ్బు మధ్యలోకి వచ్చాక కాపరి కళ్ళకు పుస్తకంలో పేర్లే కనిపిస్తాయి.

కోనేటి మెట్లు (జమ్మలమడుగు):
పిన్నిగారి విషయం చదివి చాలా బాధ కలిగింది. కానీ జీతం వల్లే అలా జరిగిందంటే ఒప్పుకోను. మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మా ఊరికి లండన్ మిషనరీల కాలం నుంచి సంఘం ఉంది, క్యాంబెల్ ఆసుపత్రి వాళ్ళు పెట్టిందే. మా అయ్యగార్లకు, అంటే పాస్టర్లకు, జీతం డయోసిస్ నుంచి వస్తుంది. కానుకల సంచిలో ఎవరు ఎంత వేశారన్నదాని మీద వాళ్ళింట్లో పొయ్యి వెలగడం ఆధారపడదు కాబట్టి, డబ్బున్న పెద్దమనిషికి కూడా తప్పు తప్పని చెప్పగలరు. మా చిన్నప్పటి అయ్యగారు ఒక సంఘ పెద్దను, కొడుకు పెళ్ళికి కట్నం తీసుకున్నాడని, ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారానికి) దూరంగా ఉంచారు. ఆ పెద్ద ఇచ్చే బియ్యం మీదే బతికే పాస్టరైతే ఆ పని చేయగలడా, ఆలోచించండి.

మా పద్ధతిలోనూ లోపం ఉంది, దాచను. ఏ ఇంట్లో ఎవరికి షుగరుందో, ఏ పిల్ల చదువు ఆగిపోయిందో ఆయనకు తెలిసేసరికి బదిలీ ఆర్డరు వస్తుంది.

గొర్రెల మంద (కళ్యాణదుర్గం):
జీతగాడు అన్న మాట మీద నేను మాట్లాడాలి, ఎందుకంటే మా జేజినాయన నిజంగానే జీతగాడు. చిన్నప్పుడే ఒక రైతు దగ్గర గొర్రెలకు జీతానికి కుదిరాడు, ఏడాదికి ఇన్ని మూటల గింజలు, ఒక కంబళి, ఒక జత చెప్పులు, అంతే. రాత్రిళ్ళు ఎవరి చేలోనన్నా మంద పెడితే దాని పక్కనే కంబళి కప్పుకొని పడుకునేవాడు. మా వైపు తోడేళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఒకసారి తోడేలు పడితే కట్టె ఒక్కటే చేతిలో పెట్టుకొని ఎదురు పోయాడట, ముంజేతి మీద ఆ మచ్చ చచ్చేదాకా ఉండింది. ఆ గొర్రెల్లో ఒక్కటి కూడా ఆయనది కాదు. అయినా ఏ గొర్రె కుంటుతుందో, ఏది ఈనడానికి ఉందో ఆయనకు తెలిసినంతగా సొంతదారుకు తెలియదు.

కాబట్టి ఆ వాక్యాన్ని జీతం తీసుకోవడం తప్పు అన్నట్టు చదవకండి. గొర్రెలు తనవి కావనుకున్నవాడు, వాటిని లక్ష్యపెట్టనివాడు పారిపోతాడని అక్కడే ఉంది. యెహెజ్కేలు 34 చూడండి, దేవుడికి కోపం వచ్చింది ఎవరి మీద? కొవ్వు తిని, బొచ్చు కప్పుకొని, జబ్బు చేసినదానికి కట్టు కట్టని కాపరుల మీద. తినడం ఒక్కటే అక్కడ నేరం కాదు, తిని కట్టు కట్టకపోవడం. ఇక పౌలు సంగతి, డేరాలు కుట్టిన ఆ పౌలే ఫిలిప్పీ సంఘం పంపిన సాయం ఒకటి రెండు సార్లు తీసుకున్నాడు, సువార్త ప్రకటించేవాళ్ళు సువార్త వల్ల బతకాలని 1 కొరింథీ 9లో రాసిందీ ఆయనే. ఆ హక్కును కొరింథులో తాను వాడుకోలేదు, అది ఆయన ఇష్టం. కానీ ఒకరు వదులుకున్న హక్కును చూపించి ఇంకొకరి కడుపు మాడ్చకూడదు కదా.

హంద్రీ నీళ్ళు (కోడుమూరు):
ఫిలిప్పీ విషయం సరే, ఒప్పుకుంటున్నా. అయినా భయం పోలేదు. మంచి ఉదాహరణ కావాలంటే అనంతపురంలోనే ఉంది. కాథలిక్ గురువు ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో వచ్చారు, తర్వాత ఆ గురువు పదవి వదిలి పెళ్ళి చేసుకున్నారు, అయినా 2009లో పోయేదాకా జనం ఫాదర్ అనే పిలిచారు. బావులు, ఇళ్ళు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి, మతం అడగకుండా చేశారు.

కోనేటి మెట్లు (జమ్మలమడుగు):
ఆయన గొప్పతనానికి చేతులెత్తి దండం పెడతాను. కానీ దాతల డబ్బుతో అంత పెద్ద సంస్థను నడపడం వేరు, 40 ఇళ్ళ కాపరి పని వేరు. అర్ధరాత్రి మొగుడూ పెళ్ళాల గొడవలో మధ్య కూర్చోవడానికి ఏ ట్రస్టూ రాదు.

అయ్యగారి అమ్మాయి (గుత్తి వైపు):
ఇంతసేపూ అందరూ అయ్యగారి గురించే మాట్లాడారు. నేను ఒక పాస్టరు కూతుర్ని, జీతం లేని పాస్టరు కూతుర్ని. మా నాన్న నిజంగా త్యాగమూర్తే, అందులో నాకు అనుమానం లేదు. ఎవరైనా వచ్చి ఆకలంటే ఇంట్లో ఉన్నది పెట్టేవారు. ఆ ఉన్నది ఎవరి పళ్ళెంలోదో మీకు తెలుసా? మా అమ్మది. వచ్చినవాళ్ళకు అన్నం పెట్టి, మాకు సంగటి కలిపి, తను నీళ్ళ మజ్జిగ తాగి పడుకునేది. నాన్న రాత్రి పదింటికి ఎవరిదైనా భూస్థాపన (సమాధి చేయడం) ముగించుకొని ఇంటికి వస్తే అందరూ అయ్యగారు అలసిపోయారు అనేవారు. అదే రోజు అమ్మ తెల్లవారుజాము నుంచి ఆ చావింట్లోనే ఆడవాళ్ళ పక్కన కూర్చొని వచ్చి, మా యూనిఫాం ఉతుకుతూ ఉండేది.

నేను ఇంటర్ ఫీజు కట్టలేక నెల రోజులు కాలేజీకి పోలేదు. సంఘంలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అడగడం విశ్వాసం లేకపోవడం అని నాన్న అనుకునేవారు. మీరు మెచ్చుకునే నిస్వార్థం ఖరీదు మా అమ్మ కట్టింది, నేను కట్టాను, నాన్న ఒక్కరే కాదు. ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం పెట్టింది కదా అంటారు, దాంతో అద్దె కట్టి బియ్యం తెచ్చి చూడండి. కాబట్టి అన్నా, ప్రొద్దుటూరు అన్నా, మీ పాస్టరమ్మ గారిని అడిగారా? మూడు రోజుల కూలి పోయిన ఆ వారం ఇంట్లో ఏం వండుకున్నారో ఆమెకు గుర్తుంటుంది.

వలస బండి (ఆదోని):
అక్కా, మీ మాట చదివి కాసేపు ఏమీ తోచలేదు. మా ఊరు కోసిగి దగ్గర. వాన లేని ఏడాది సగం ఊరు గుంటూరు వైపు పత్తికి, మిరపకు పోతుంది, ఇళ్ళకు తాళాలు, ముసలివాళ్ళు, బడి పిల్లలు మిగులుతారు. ఆ నెలల్లో కానుకల సంచిలో ఏం పడుతుంది? మా పాస్టరు ఒక క్రిస్మస్‌కు మందిరం ముసలివాళ్ళకు అప్పజెప్పి బస్సెక్కి మా దగ్గరికే వచ్చేశారు. మిరప చేను గట్టు మీద పట్టాల గుడిసెల మధ్య, తెల్లవారి నాలుగింటికి, పనికి పోకముందే ఆరాధన. వచ్చేటప్పుడు ఊళ్ళో ఉన్న మా పిల్లలతో మాట్లాడించి ఫోన్లో రికార్డు చేసుకొచ్చారు, ఒక్కో తల్లికి ఆమె బిడ్డ గొంతు వినిపించారు. ఆ బస్సు ఛార్జీ ఎవరు ఇచ్చారని మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

హంద్రీ నీళ్ళు (కోడుమూరు):
సరే, జీతం ఇవ్వండి. ఒకే ఒక్క మాట, దశమభాగం పుస్తకం మాత్రం పాస్టరు చేతిలో పెట్టకండి. ఎవరు ఎంత ఇచ్చారో ఆయనకు తెలియకూడదు. లెక్కలు ఇద్దరు పెద్దలు, స్త్రీల సమాజం నుంచి ఒకరు చూసుకొని నెలకోసారి అందరి ముందూ చదవాలి. మా పిన్నిలాంటివాళ్ళ కోసం అడుగుతున్నా.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
నిన్న సాయంత్రం నేనూ మా ఆవిడా పాస్టరు గారింటికి పోయాం. ఆయన పని నుంచి ఇంకా రాలేదు. అమ్మగారిని అడిగితే మొదట నవ్వి ఊరుకున్నారు. మా ఆవిడ చెయ్యి పట్టుకొని మళ్ళీ అడిగితే చెప్పారు, ఆ వారం చెవి కమ్మలు కుదువ పెట్టారట, ఇంకా విడిపించలేదు. పాస్టరు గారికి కూడా తెలియదట, చెప్పొద్దన్నారు. కమ్మల మాట నేను బయట పెట్టను, ఇక్కడ మా సంఘం పేరు కూడా లేదు కాబట్టి రాశాను. ఆదివారం ఆరాధన తర్వాత సంఘ సమావేశం ఉంది. జీతం, లెక్కల పుస్తకం రెండూ అక్కడ పెడతాను, అమ్మగారిని కూడా వచ్చి కూర్చోమన్నాం. పన్నెండేళ్ళలో ఆ సమావేశానికి ఆమెను ఎవరూ పిలవలేదు.