వరద రాత్రి గేమ్: ఏం నొక్కినా అదే పడవ

లంక కుర్రాడు:
మాది రాజోలు వైపు ఓ లంక. సెలవుల్లో రెన్‌పై అనే, కథ గేములు చేసుకునే సాఫ్ట్‌వేర్‌లో చిన్న గేమ్ రాస్తున్నాను. 1986 గోదావరి వరద రాత్రి మా నాయనమ్మ ఇల్లొదిలి ఏటిగట్టుకి చేరిన కథ. అయిదు చోట్ల రెండేసి దారులు పెట్టాను. అవి 32 ముగింపులవుతాయని అప్పుడు తట్టలేదు. పదకొండు రాసేసరికి నా పనైపోయింది. దాంతో దారులన్నీ తెచ్చి పడవ సీనులో కలిపేశాను. మా తమ్ముడు రెండోసారి ఆడి, "ఏం నొక్కినా అదే పడవ వస్తోంది, ఇంక నన్నడగడం ఎందుకు?" అన్నాడు. దారులు కలపక తప్పదు, ఆడేవాళ్ళకి మోసంలా అనిపించకూడదు. ఎలాగండీ?

కొబ్బరిమట్ట:
పెద్ద కంపెనీలూ కలిపేస్తాయి. టెల్‌టేల్ వాళ్ళ 'ద వాకింగ్ డెడ్' (2012) చూడు. మొదటి ఎపిసోడ్‌లో డగ్, కార్లీల్లో ఒక్కరినే కాపాడగలవు. ఎవరిని కాపాడినా మూడో ఎపిసోడ్‌లో పోతారు. కథ లెక్కకి రెండూ ఒకటే. అయినా కార్లీ పోయినప్పుడు నేను గేమ్ ఆపేసి అరుగు మీద కూచున్నాను. మీ తమ్ముడు రెండోసారి ఆడాడు కాబట్టి దొరికిపోయావు. మొదటిసారి ఏమన్నాడో అది చెప్పు.

ఏటిగట్టు:
కలిపితే కలిపావు గానీ తమ్ముడూ, ఆ తర్వాత వెనక జరిగిందంతా నీ గేమ్ మర్చిపోతోంది. అదీ సమస్య. పడవ అందరికీ రానీ. ఎప్పుడొచ్చింది, ఎవరెక్కారు, ఏం వదిలేశారు అన్నవి వేరియబుల్స్‌లో, అంటే గేమ్ గుర్తుపెట్టుకునే విలువల్లో, దాచుకో.

నీకు కావలసిన లెక్క మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. ఇప్పుడు ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. (అది బ్యారేజీ దగ్గరి కొలత, మీ వాకిట్లో లోతు కాదు. ఆ పొరపాటు రాశావో, మనవాళ్ళు కామెంట్లలో ఉతికేస్తారు.) 'నీటిమట్టం' అని ఒకే అంకె పెట్టు. బియ్యం అటకెక్కిస్తే ఇంత పెరగాలి, పక్కింటి ముసలాయన్ని తీసుకురావడానికి వెళితే ఇంకొంత. మొదటి హెచ్చరికప్పుడే బయల్దేరితే పడవలో సామానుకీ చోటుంటుంది. మూడోదాకా ఆగితే పడవని చూరుకి కట్టాలి, మనుషులెక్కడమే కష్టం. సీను ఒకటే, అందులో నాలుగు వాక్యాలు మారతాయి.

రొయ్యలచెరువు:
అన్నీ కలిపేస్తానంటే నేనొప్పుకోను. ఒక్కచోటైనా కథ నిజంగా చీలాలి, దాని ఫలితం ఆలస్యంగా తెలియాలి. 'ది విచర్ 3' (2015)లో చెట్టులో బందీగా ఉన్న ఆత్మని వదలాలా, చంపాలా అని ఉంటుంది. వదిలితే అనాథ పిల్లలు బతుకుతారు, అటు బ్యారన్ అనే దొర, అతని పెళ్ళాం పోతారు. చంపితే పిల్లలు దక్కరు. ఇదంతా తెలిసేసరికి చాలా ఆట అయిపోతుంది, మళ్ళీ పాత సేవ్ దగ్గరికెళ్ళే ఓపికుండదు. రాత్రిళ్ళు ఏరేటర్ల కాపలాకి చెరువుగట్టు మీద కూచుని లాప్‌టాప్‌లో ఆడేవాణ్ణి. ఆత్మని వదిలేశా. ఇప్పటికీ తప్పు చేశాననే ఉంటుంది.

నీ కథలో గేదె లేదా? ఉంటే చీల్చు అక్కడ. తాడు విప్పేస్తే అదేమైందో తెల్లారాక గట్టు మీదే తెలియాలి.

లంక కుర్రాడు:
వారం పట్టింది. అంకె పెట్టాక 32 పోయి మూడు ముగింపులు మిగిలాయి. తమ్ముడు మళ్ళీ రెండుసార్లు ఆడాడు, పడవ ఊసెత్తలేదు. గేదెని వదిలేయాలా, పడవ వెనక కట్టాలా అన్న ఒక్కచోటే కథ చీల్చాను.

నిన్న నాయనమ్మ చేతికి ఫోన్ ఇచ్చాను. గేదె దగ్గర ఆగిపోయింది, ఎంతకీ ఏదీ నొక్కదు. "దూడేదిరా?" అంది. దూడని ముందు పడవెక్కిస్తే తల్లి దానంతటదే ఈదుకుంటూ వెనకాలే వస్తుందట. గేమ్‌లో అసలు దూడే లేదు. పొద్దున్నుంచీ దాన్నే రాస్తున్నాను.