టర్ఫ్ పొయ్యిలో నిప్పు రాత్రంతా నిలవడం లేదు

ఐర్లండ్‌లో, గాల్వే దగ్గరి పల్లెలో అద్దెకుంటున్నాం. హాల్లో గాజు తలుపు ఉన్న ఇనుప స్టవ్ ఉంది. అందులో టర్ఫ్, అంటే చిత్తడి నేలలో కోసి ఎండబెట్టిన పీట్ (సగం కుళ్లిన మొక్కల మట్టి) గడ్డలు కాలుస్తాం. 2022 అక్టోబరు 31 నుంచి దుకాణాల్లో దీని అమ్మకం ఆగినా, కోసుకునే హక్కున్న వాళ్లు మానలేదు. మా ఇంటి యజమానీ అంతే. (ఆ పొగ వాసనకు పిడకల పొయ్యి గుర్తొచ్చి నాకూ మానబుద్ధి కావడం లేదు.)

సాయంత్రం ఆరుకు వెలిగిస్తే ఎనిమిది వరకు మంట చక్కగా ఉంటుంది. పదికి నాలుగు గడ్డలు వేసి స్టవ్‌లోకి గాలి వెళ్లే కంతలకున్న రెండు గాలి తలుపులూ సగం మూస్తాను. అర్ధరాత్రికల్లా గడ్డలు పైపైన నల్లబడి ఆరిపోతాయి, గాజుకు గోధుమరంగు జిగురు పడుతుంది. పక్కింటి పెద్దాయన మాత్రం తెల్లారి బూడిద కదిపి, ఎర్రటి నిప్పు చూపిస్తారు!

సెప్టెంబరులో చిమ్నీ శుభ్రం చేయించాం. గడ్డలను మూడు వారాలు ఇంట్లోనే ఆరబెట్టాను, విరిస్తే లోపలా పొడిగానే ఉన్నాయి. బూడిద రోజూ స్టవ్ అడుగునున్న ఇనుప జల్లెడ కనిపించేదాకా తీసేస్తున్నాను.

నిప్పు తెల్లారేదాకా నిలవాలంటే బూడిద ఎంత మందాన ఉంచి, ఏ గాలి తలుపు మూయాలి?