ఆలాపల్లి పాత టేకు అడవి: నాన్నగారు చుట్టి రాగలరా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరోంచ. నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. రోజూ ప్రాణహిత ఒడ్డున నడుస్తారు గానీ ఎడమ మోకాలు మొరాయిస్తుంది. ఆలాపల్లి దగ్గరి పాత టేకు అడవిని చుట్టి రావాలని పట్టుబట్టారు. ఎంత దూరం? ఏ నెల మంచిది?

జవాబు 1: మీరడిగేది గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి అని పిలిచే పాత టేకు వనం గురించే అయితే, అది మొత్తం 6 హెక్టార్లేనండీ. 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చతురస్రమనుకుని లెక్కవేస్తే చుట్టుకొలత కిలోమీటరు. దూరం సమస్య కాదు. తలెత్తి మానులను చూస్తూ వేరుకు తట్టుకుని పడటమే సమస్య. నేను పడ్డాను, అదీ కెమెరాతో సహా. చేతికర్ర తప్పనిసరి.

జవాబు 2: మార్చిలో మాత్రం వద్దు. టేకు ఆకు రాల్చేస్తుంది, నీడ ఉండదు. విస్తళ్లంత ఎండుటాకుల కింద రాయి ఉందో పాముందో తెలియదు. నవంబరు మేలు. అటవీశాఖ వారిని ముందే అడగండి. లేతాకు దొరికితే నలిపి చూడండి, అరచేయి గోరింటాకు పెట్టినట్టు ఎర్రబడుతుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఆ ఎరుపు మాట చదివి వినిపించగానే నాన్నగారు, చిన్నప్పుడు చొక్కాకు ఆ మరక అంటించుకుని తిన్న దెబ్బలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నవంబరుకు సరేనన్నారు. కర్రకే ఒప్పుకోవడం లేదు.